పోలిక వేరు, కాపీ వేరు

శ్రోతలకు నమస్కారం.

బొమ్మలు వేసేవాళ్లను పట్టి పీడించే భయం ఒకటుంది. నెలల తరబడి కూర్చుని ఒక పాత్రను తీర్చిదిద్దుతారు. పేరు పెడతారు, కథ అల్లుతారు. తీరా బయటపెట్టే వేళకు ఎక్కడో ఇంకో బొమ్మ కంటపడుతుంది. అదే జుట్టు, అవే కళ్లు. ఇక కేసు తప్పదనుకుని పాత్రనే పక్కన పడేసేవాళ్లున్నారు. అంత తొందర వద్దు.

1951 మార్చి 12. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. ఆ ఒక్కరోజే అట్లాంటిక్‌కు అటూ ఇటూ ఇద్దరు అల్లరి పిల్లలు పాఠకుల ముందుకొచ్చారు. ఇద్దరి పేరూ డెన్నిస్ ద మెనేస్! అమెరికా దినపత్రికల్లో హ్యాంక్ కెచమ్ గీసిన డెన్నిస్. బ్రిటన్‌లో బీనో అనే పిల్లల పత్రికలో డేవిడ్ లా గీసిన డెన్నిస్. పేరు అదే, అల్లరి అదే, తేదీ కూడా అదే. కానీ ఎవరూ ఎవరినీ చూసి గీయలేదు. కెచమ్‌కు ఆ పేరు ఇంట్లోనే దొరికింది. నాలుగేళ్ల కొడుకు డెన్నిస్ ఆగడాలు భరించలేక ఆయన భార్య అన్న మాట అది. బీనో సంపాదకుడికేమో ఒక పాట పల్లవిలో దొరికింది.

ఇప్పుడు బొమ్మలు చూడండి. అమెరికా డెన్నిస్‌ది పసుపు జుట్టు, నెత్తిన లేచి నిలబడే పిలక. మనసు మంచిదే, చేసే పనే బెడిసికొడుతుంది. బ్రిటన్ డెన్నిస్‌కు ముళ్లలాంటి నల్లజుట్టు, కొన్నాళ్లకు వచ్చి చేరిన ఎరుపు నలుపు చారల స్వెట్టర్. వాడు కావాలనే అల్లరి చేస్తాడు. పక్కపక్కన పెడితే ఎవరూ పొరబడరు. దశాబ్దాల పాటు ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు నడిచారు.

కాపీరైట్ కాపాడేది ఆలోచనను కాదు, దానికి మీరిచ్చిన రూపాన్ని. అల్లరి పిల్లాడు ఎవరి సొత్తూ కాదు. పెద్ద కళ్లు, ఎర్ర కండువా, మాట్లాడే పిల్లి, ఇవి విడివిడిగా అందరివీ. అవన్నీ ఒక ప్రత్యేకమైన తీరులో కలిసినప్పుడే పాత్ర అవుతుంది. కాపీ అని నిరూపించాలంటే, మీరు ఆ బొమ్మను చూసే అవకాశం ఉండాలి, దాని ప్రత్యేకతే మీ బొమ్మలోకి రావాలి. చూడకుండా సొంతంగా గీసింది కాపీ కాదు. అయితే ఎప్పుడో చూసి మరచిపోయింది తెలియకుండా చేతిలోంచి దిగినా కొన్ని కోర్టులు ఒప్పుకోవు. 1976లో బీటిల్స్ బృందంలో పాడిన జార్జ్ హారిసన్ పాట విషయంలో అమెరికా కోర్టు అదే తేల్చింది. సరుకు ఎవరిదో గుర్తుపట్టించే పేరు, బొమ్మ, అంటే ట్రేడ్‌మార్క్ సంగతి వేరు. కొనేవాళ్లు పొరబడతారా అన్నదే అక్కడ ముఖ్యం. "నేను చూడలేదు" అంటే చాలదు.

పోలిక నిజంగా ఎక్కువగా ఉందా? బొమ్మ మొత్తాన్ని నల్లరంగుతో నింపి, అంచు ఆకారం మాత్రమే మిగిల్చి చూడండి. అప్పుడూ ఆ రెండో పాత్రే గుర్తొస్తే రంగులు మార్చి లాభం లేదు. తలకూ ఒంటికీ ఉన్న కొలత మార్చాలి, జుట్టు ఆకారం మార్చాలి, నిలబడే తీరు మార్చాలి.

మిగతా అన్నింటికన్నా నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. చిత్తుగీతలు పారేయకండి. మీ పాత్ర మీ దగ్గరే ఎలా పెరిగిందో చూపించేవి అవే. చాలామంది చివరి బొమ్మ ఒక్కటే ఉంచుకుని, కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటిగా గీసిన పొరలు, అంటే లేయర్లన్నీ కలిపేసి, మిగతావి చెరిపేస్తారు. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. కాగితం మీద గీస్తే తేదీ వేసి స్కాన్ చేయండి. కంప్యూటర్ మీదైతే లేయర్లు కలిపే ముందే విడిగా ఒక ఫైలు దాచండి. ఏయే బొమ్మలు, ఫొటోలు చూసి గీశారో పక్కన రాసుకోండి. దాచకుండా రాయండి. ఇంకొక్క మాట. ఫైలు మీద కనిపించే తేదీని నమ్ముకోవద్దు, వేరే డిస్కులోకి ఎక్కిస్తే అది మారిపోవచ్చు. ఒక్కో దశ పూర్తవగానే ఆ ఫైలును మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. అది కాపీరైట్ రిజిస్ట్రేషన్‌కు సాటి కాదు. కానీ ఆ రోజుకు ఆ గీత మీ దగ్గర ఉందని చెప్పడానికి పనికొస్తుంది. ఆ మెయిల్ మాత్రం చెరిపేయకండి. నమస్కారం.