హాన్ కువో-యును గెలిపించిన ఊరే ఎలా దింపింది?

అందరికీ నమస్కారం.

మన దగ్గర ఎమ్మెల్యేను మధ్యలో వెనక్కి పిలిచే చట్టం లేదు. తైవాన్‌లో ఉంది. అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే హాన్ కువో-యు కథ చూడాలి.

హాన్ 1993 నుంచి 2002 దాకా కుమింతాంగ్ పార్టీ శాసనసభ్యుడు. ఆ తర్వాత జనం మరిచిపోయారు. 2013 నుంచి నాలుగేళ్లు తైపీలో కూరగాయలు, పండ్ల టోకు మార్కెట్లు నడిపే సంస్థకు జనరల్ మేనేజర్. 2017లో పార్టీ అధ్యక్ష పదవికి నిలబడితే ఆరు శాతం ఓట్లు కూడా రాలేదు.

మరుసటి ఏడాది తైవాన్ దక్షిణాన ఉన్న రేవు నగరం కావోషియుంగ్‌లో మేయర్ ఎన్నిక. ఇరవై ఏళ్లుగా అది డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ కోట. "సరుకు బయటికి పోవాలి, జనం లోపలికి రావాలి, కావోషియుంగ్ బాగా సంపాదించాలి" అన్నదే ఆయన నినాదం. టీవీ చానళ్లు పొద్దస్తమానం ఆయన్నే చూపించాయి. 2018 నవంబరు 24న 8,92,545 ఓట్లతో గెలిచారు.

కుర్చీలో కుదురుకోకముందే అధ్యక్ష ఎన్నికల బరిలోకి దిగారు. ప్రచారం కోసం 2019 అక్టోబరులో మేయర్ పనికి సెలవు పెట్టారు. ఊరికి కోపం తెప్పించింది ఇదే. సర్వేలను తికమక పెట్టడానికి, ఫోన్ చేసినవాళ్లకు తన ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షురాలు సాయ్ ఇంగ్-వెన్‌కే మా మద్దతు అని చెప్పమని అభిమానులను కోరారు. 2020 జనవరి 11న సాయ్‌కి 81,70,231 ఓట్లు, హాన్‌కు 55,22,119.

ఇక రీకాల్, అంటే గెలిచినవాళ్లను ఓటర్లే మధ్యలో దించే ఓటింగ్. పదవిలో ఏడాది నిండాకే మొదలుపెట్టాలి. ముందు ఓటర్లలో 1 శాతం సంతకాలతో ప్రతిపాదన, తర్వాత 10 శాతం సంతకాలు, ఆపైన పోలింగ్. దించాలనే ఓట్లు వద్దనే ఓట్లను దాటాలి, మొత్తం ఓటర్లలో నాలుగో వంతుకు తగ్గకూడదు. 2016కు ముందైతే ఓటర్లలో సగం మంది పోలింగ్‌కు రావలసి ఉండేది.

హాన్ తన వాళ్లను ఇంట్లోనే ఉండమన్నారు. పాత చట్టంలో అది మంచి ఎత్తుగడే. ఓటింగ్ సగానికి చేరకపోతే రీకాల్ దానంతటదే వీగిపోయేది. కొత్త చట్టంలో మాత్రం ఇంట్లో కూర్చున్న అభిమాని ఓటు ఎందులోనూ లెక్కకు రాదు. 2020 జూన్ 6న కావలసినవి 5,74,996 ఓట్లు. దించాలని 9,39,090 మంది వేశారు, వద్దని 25,051 మంది. ఆయన్ను గెలిపించిన ఓట్ల కంటే దించిన ఓట్లే ఎక్కువ! పోలింగ్ 42.14 శాతం, అంటే పాత నిబంధన ఉండి ఉంటే ఆయన పదవి నిలిచేది. నా దృష్టిలో మొత్తం కథకు ఇదే కీలకం.

2024లో హాన్ శాసనసభకు తిరిగొచ్చారు, ఈసారి నియోజకవర్గం నుంచి కాదు, పార్టీకి పడ్డ ఓట్లను బట్టి సీట్లు దక్కే పార్టీ జాబితాలో మొదటి పేరుగా. జాబితా సభ్యులకు రీకాల్ వర్తించదు. 113 మంది సభలో 54 ఓట్లతో ఫిబ్రవరి 1న స్పీకర్ అయ్యారు.

2025 జులై 26న నియోజకవర్గాల్లో గెలిచిన 24 మంది కుమింతాంగ్ సభ్యులపై ఒకేరోజు రీకాల్ ఓటింగ్ జరిగింది. ఈసారి పార్టీ తన ఓటర్లను ఇళ్లలోంచి బయటికి వచ్చి వద్దని ఓటెయ్యమంది. 24 చోట్లా వద్దన్న ఓట్లే ఎక్కువ వచ్చాయి.