బోడీ: రంగు వేయకుండా కాపాడుతున్న బంగారు గనుల ఊరు

నమస్తే అండీ. స్క్రీన్ మీద మీరు చూస్తున్నది కాలిఫోర్నియాలోని బోడీ. 8,375 అడుగుల ఎత్తులో ఉంది. 1859లో ఇక్కడ బంగారం బయటపడింది. 1880 ప్రాంతంలో వేలమంది జనంతో కిటకిటలాడింది. 1942లో గనుల పని ఆగిపోయింది. చరిత్ర ఇంతటితో ఆపుతాను, ముందు ఇళ్లు చూద్దాం.

ఈ కిటికీలోంచి చూడండి. ఇది బడి. లోపల బెంచీలు, గ్లోబు, పుస్తకాలు, అన్నిటి మీదా దుమ్ము. కావాలనే అలా ఉంచారండీ. 1962లో ఇది స్టేట్ పార్క్ అయింది. ఇక్కడి పద్ధతేమిటంటే, కప్పు కారకుండా చూస్తారు, పడిపోయేలా ఉన్న గోడకు దన్ను పెడతారు, అంతే. కొత్త రంగు వేయరు, ఊడిన వాల్‌పేపర్ అతికించరు. అదిగో, ఒరిగిపోయిన స్వేజీ హోటల్. దూలాల ఆసరాతో అలాగే నిలబెట్టారు.

నాకు ఇదే సరైన పని అనిపిస్తుంది. ఈ గోడ చూడండి, రేకు డబ్బాలు చదును చేసి చెక్కల సందుల మీద మేకులు కొట్టారు. ఇక్కడి మంచులో, గాలిలో కాపురం ఎలా చేశారో ఆ రేకులే చెబుతాయి. ఊరిని ముస్తాబు చేసి ఉంటే ముందు పోయేవి అవే. 1932 అగ్నిప్రమాదం తర్వాత మిగిలింది ఇరవయ్యో వంతు మాత్రమే. అదైనా దక్కిందంటే, స్థలం సొంతదారులైన కెయిన్ కుటుంబం కాపలా పెట్టడం వల్లే.

కొండ మీద ఆ రేకుల షెడ్డు స్టాండర్డ్ మిల్లు. బంగారపు రాయిని అక్కడే పొడి కొట్టేవాళ్లు. కట్టెల ఖర్చు భరించలేక 1892లో 13 మైళ్ల దూరం నుంచి కరెంటు తెచ్చారు. మలుపుల దగ్గర కరెంటు జారిపోతుందేమోనని లైను తిన్నగా వేశారని చెబుతారు. పదేళ్లకు, 1902లో, మన కర్ణాటకలోని కోలారు బంగారు గనులకు కావేరి మీది శివనసముద్రం జలపాతం నుంచి కరెంటు వచ్చింది. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. తెలుగు కుటుంబాలూ పనిచేసిన ఆ ఊళ్లో ఇంకా నిలిచి ఉన్న పాత బంగళాలకు కూడా కనీసం కప్పు కారకుండా చూసే ఏర్పాటు ఉండాలి.

పిల్లలతో వెళ్తే ముందే చెప్పండి, తుప్పు మేకు కూడా జేబులో వేసుకోకూడదు. అలా తీసుకెళ్లి, తర్వాత చెడు జరిగిందని భయపడి, క్షమాపణ ఉత్తరంతో పోస్టులో తిప్పి పంపినవాళ్లున్నారు. బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) వాళ్లు యోసెమిటీ నేషనల్ పార్క్ గుండా వెళ్లే టయోగా రోడ్డు, చలికాలపు మంచుకి మూసేయకుండా, తెరిచి ఉండే నెలల్లో ప్లాన్ చేసుకోండి. చివరి మూడు మైళ్లు మట్టి రోడ్డు. గ్యాస్ స్టేషన్, హోటల్ ఏవీ లేవు. పులిహోర కట్టుకుని బయల్దేరండి.