4కె మానిటర్ కొనే ముందు దాని మీద ‘రథసప్తమి’ అని కొట్టి చూడండి

నమస్తే అండీ. ముందే చెప్పేస్తాను, నా వెనక కనిపిస్తున్న ఈ 27 ఇంచుల 4కె మానిటర్ నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్లు రివ్యూకని పంపారు, వీడియో అయ్యాక తిరిగి పంపేయాలి. డబ్బులేమీ ఇవ్వలేదు, అప్‌లోడ్ చేసే ముందు మాకు చూపించండి అని కూడా అనలేదు. మోడల్ నంబర్ కింద పడుతోంది, స్పెక్స్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. ఐపీఎస్ ప్యానెల్, 60 హెర్ట్జ్, ఒక టైప్-సి పోర్టు, ధర పాతిక వేలకు కాస్త అటూ ఇటూ. ఇంతకు మించి స్పెక్స్ చదవను. చదివే వీడియోలు బోలెడున్నాయి, అవన్నీ చూసే మీరు ఇక్కడికి వచ్చి ఉంటారు.

దీంట్లో నన్ను పట్టేసింది ఒక్కటే విషయం, సగం వీడియో దానికే పోతుంది. తెలుగు అక్షరం.

మానిటర్ రివ్యూ అంటే అందరూ గేమ్ పెడతారు, లేదంటే సముద్రం అడుగున రంగురంగుల చేపల వీడియో పెడతారు. రోజంతా డెస్క్‌టాప్ ముందు కూర్చునేవాడు చేపల్ని ఎంతసేపు చూస్తాడండీ? చూసేదంతా అక్షరాలే. నేనైతే స్క్రిప్టులు తెలుగులో రాసుకుంటాను, సబ్‌టైటిల్స్ తెలుగులో వేస్తాను. పొద్దున్నుంచి రాత్రిదాకా వత్తులూ గుణింతాలే.

అందుకే బాక్స్ విప్పి కేబుల్ పెట్టగానే నోట్‌ప్యాడ్ తెరిచి ‘రథసప్తమి’ అని కొట్టాను. దాని కిందే ‘రధసప్తమి’. ఇప్పుడు క్లోజప్‌లో చూపిస్తున్నాను. ఎడమ పక్కన నా పాత 24 ఇంచుల ఫుల్ హెచ్‌డీ, కుడి పక్కన ఇది. రెండింట్లోనూ ఫాంటు నిర్మలా యూఐ, అదేనండీ, విండోస్ 8 నుంచి మన తెలుగుకి వాడుతున్న ఫాంటు. స్క్రీన్ మీద స్కేలు పెట్టి అక్షరాల ఎత్తు సమానం చేశాను. థకీ ధకీ తేడా ఏంటి? కడుపులో చుక్క, అంతే. పాతదాని మీద ఆ చుక్క ఉందా లేదా అంటే, ఏదో బూడిద రంగు మరక ఉంది. అది చుక్కో, దుమ్మో మీరే చెప్పాలి. కొత్తదాని మీద చుక్క చుక్కలా ఉంది, దాని చుట్టూ తెల్లటి ఖాళీ కూడా కనిపిస్తోంది.

లెక్క చెప్తాను, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. 24 ఇంచుల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 92 పిక్సెల్స్, అంటే బొమ్మని గీసే చిన్న చిన్న గళ్లు, ఉంటాయి. 27 ఇంచుల 4కెలో, అంటే 3840 బై 2160లో, 163. మూడు మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరం తీసుకుంటే, పాతదాంట్లో దాని ఎత్తుకి దొరికేది సుమారు 11 పిక్సెల్స్, ఇందులో 19. ఆ 11లోనే అక్షరం, దాని తలకట్టు, కడుపులో చుక్క, కింద గీత, అన్నీ సర్దుకోవాలి. చుక్క వాటాకి ఒక పిక్సెల్ దక్కితే గొప్ప. 

ఇంగ్లీషుకి ఈ బాధ అంతగా ఉండదు. ఎల్, టీ, ఐ అన్నీ నిలువు గీతలే కదా. విండోస్‌లో క్లియర్‌టైప్ అని ఒకటుంది, ప్రతి పిక్సెల్‌లో పక్కపక్కన ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కల్ని విడివిడిగా వాడుకుని అక్షరం అంచుని నున్నగా చేస్తుంది. పక్కపక్కన అన్నాను చూశారా, కిటుకంతా అక్కడే ఉంది. దానివల్ల లాభం అడ్డంగానే, నిలువుగా ఏమీ కలిసిరాదు. మన వత్తులేమో కిందికి దిగుతాయి. ‘రాష్ట్రం’ అని కొట్టండి. ష, దాని కింద ట వత్తు, మళ్లీ ర వత్తు, మూడూ నిలువునా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. అక్కడ క్లియర్‌టైప్ చేతులెత్తేస్తుంది, నిజంగా పిక్సెల్స్ ఉంటేనే ఆ వత్తు కనిపిస్తుంది. నా మటుకు 4కె అవసరం ఇంగ్లీషు చదివేవాళ్లకంటే మనకే ఎక్కువ.

మా బాబాయి విజయవాడలో డీటీపీ చేస్తాడు. శుభలేఖలు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు, అన్నీ. మొన్న ఇంటికి వస్తే కూర్చోబెట్టి ఇదే పేజీ చూపించాను. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముఖం స్క్రీన్ దగ్గరికి పెట్టి చూశాడు. “ఒరేయ్, ఇది ప్రింటు తీసి అంటించావా?” అన్నాడు. తర్వాత అసలు బాధ బయటపెట్టాడు. స్క్రీన్ మీద ప్రూఫు చూడడం ఆయన ఎప్పుడో మానేశాడట, ప్రతిదీ లేజర్ ప్రింటు తీసి కాగితం మీదే దిద్దుతాడట. థ, ధ తేడా కనపడక ఓ పెళ్లికార్డు మీద ముహూర్తం రోజు ‘రధసప్తమి’ అని పడి, పెళ్లికూతురి తాతగారు కార్డులన్నీ వెనక్కి పంపించారట. తెలుగు మాస్టారు చేసి రిటైరయిన మనిషి, ఊరుకుంటాడా మరి.

బాబాయి లాంటి వాళ్లు చూస్తుంటే ఒక ముఖ్యమైన మాట. మీలో చాలామంది ఇంకా పేజ్‌మేకర్‌లో చేస్తున్నారు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అప్పటి సాఫ్ట్‌వేర్‌కి ఇంత చిక్కటి స్క్రీన్లు వస్తాయని తెలియదు కాబట్టి, 4కె మీద తెరిస్తే మెనూలు, అక్షరాలు అన్నీ అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. మానిటర్ పాడైందని షాపుకి ఫోన్ చేయకండి. ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, అందులో ‘చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’. కింద ఓవర్‌రైడ్ దగ్గర టిక్ పెట్టి ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’ ఎంచుకోండి. పాత ప్రోగ్రాముల్లో చాలావాటికి ఇది పనిచేస్తుంది.

స్కేలింగ్, అంటే అక్షరాలూ మెనూలూ పెద్దవి చేసి చూపించే సెట్టింగ్, దాని గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఈ సైజులో విండోస్‌ని 150 శాతం దగ్గర పెట్టండి. 100 శాతం పెడితే మెనూల్లో అక్షరాలు చీమతలకాయంత ఉంటాయి. “150 పెడితే ఇక 4కె ఎందుకన్నా?” అని ప్రతిసారీ ఒకరు అడుగుతారు. స్క్రీన్ మీద పట్టే జాగా 1440పీ, అంటే 2560 బై 1440 మానిటర్ అంతే, నిజమే. అక్షరాన్ని గీసే పిక్సెల్స్ మాత్రం 4కెవే. మనం డబ్బులు పెడుతున్నది దానికే.

నేను వాడిన మానిటర్లు గుర్తు చేసుకుంటే ఇంకో సంగతి తట్టింది. పాత డబ్బా సీఆర్‌టీ పోయాక కొన్న మొదటి ఎల్‌ఈడీ 18.5 ఇంచులది, 1366 బై 768. మీ ఇంట్లో కూడా అదే ఉండి ఉంటుంది, అప్పట్లో ప్రతి అసెంబుల్డ్ కంప్యూటర్‌తోనూ అంటగట్టేవారు. దాంట్లో అంగుళానికి 85 పిక్సెల్స్. తర్వాత ఎంతో సంబరంగా కొన్న 24 ఇంచుల ఫుల్ హెచ్‌డీలో 92. అంటే ఇన్నేళ్లలో స్క్రీన్ వెడల్పయింది తప్ప అక్షరం ఉన్నచోటే ఉంది. 92 నుంచి ఒక్కసారి 163కి వస్తే నాకు ఈ పూనకం ఎందుకొచ్చిందో అర్థమైందా?

సరే, పొగడ్త అయింది. ఇప్పుడు స్టాండు.

ఈ స్టాండుని డిజైన్ చేసిన మనిషి దాని ముందు కూర్చుని ఒక్క గంట పని చేసి ఉంటాడని నేను నమ్మను. ముందుకీ వెనక్కీ వంగుతుంది, అంతే. పైకి లేవదు, కిందికి దిగదు, పక్కకి తిరగదు. మానిటర్ పై అంచు మన కంటికి సమానంగానో, కొంచెం కిందగానో ఉండాలి. నేను నిటారుగా కూర్చుంటే దీని పై అంచు నా గడ్డం దగ్గర ఉంది. సాయంత్రానికి మెడ పట్టేస్తోంది. ఇప్పుడు వీడియోలో ఎత్తుగా కనిపిస్తోందంటే కింద రెండు ఏ4 పేపరు రిమ్ములు పెట్టాను కాబట్టి. పాతిక వేల వస్తువు కింద పేపరు రిమ్ములు! స్క్రూ విప్పకుండా ఎత్తు మార్చుకునే స్టాండు ఇంతకంటే చవక మానిటర్లకి కూడా ఇస్తున్నారు. వెనక గోడకో ఆర్మ్‌కో బిగించుకునే వెసా (VESA) మౌంట్ రంధ్రాలు, 100 బై 100 మిల్లీమీటర్లవి ఉన్నాయి కాబట్టి బతికిపోయాం, ఇంకో రెండు మూడు వేలు పెట్టి ఆర్మ్ కొనుక్కోవచ్చు. ఆ డబ్బు కూడా మానిటర్ ధరలోనే కలిపి లెక్కేసుకోండి.

బటన్లు కూడా అలాగే ఏడ్చాయి. కింది అంచు వెనకాల ఐదు బటన్లు వరసగా, తడిమితే అన్నీ ఒకేలా ఉన్నాయి. బ్రైట్‌నెస్ తగ్గిద్దామని నొక్కితే పవర్ ఆఫ్ అవుతోంది. ట్వింకిల్ ట్రే అని ఒక ఫ్రీ యాప్ ఉంది, వేసుకోండి. టాస్క్‌బార్ నుంచే మౌస్‌తో బ్రైట్‌నెస్ మారుతుంది, ఆ బటన్ల ముఖం చూడక్కర్లేదు.

హెచ్‌డీఆర్ 400 అని, అంటే వెలుగు నీడల తేడా బాగా చూపిస్తుందని, బాక్స్ మీద పెద్ద అక్షరాలతో ఉంది. మర్చిపోండి. వెలుగుని భాగాలవారీగా తగ్గించే ఏర్పాటు ఇందులో లేదు, ఆన్ చేస్తే నలుపంతా బూడిదవుతోంది. ఆఫ్‌లో ఉంచండి.

ఇప్పుడు కొత్త డెస్క్‌టాప్ కడుతున్నవాళ్లు జాగ్రత్తగా వినండి. 4కె కొన్నవాళ్ల నుంచి నాకు వచ్చే మెసేజుల్లో ఎక్కువ ఇదే: “అన్నా, మౌస్ ఈడుస్తోంది, ప్యానెల్ డిఫెక్టా?” డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేట్, అంటే స్క్రీన్ మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో, చూడమంటాను. 30 హెర్ట్జ్ ఉంటుంది. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టులో 4కె అంతకు మించి రాదు. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 అయినా ఉండాలి, లేదా డిస్‌ప్లేపోర్ట్ వాడాలి. వెనకటి కంప్యూటర్‌తో వచ్చిన కేబుల్ ఉంది కదా అని అదే తగిలించకండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డు పోర్టుకి కాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకి 12400ఎఫ్, అందులో గ్రాఫిక్స్ ఉండదు, మదర్‌బోర్డు పోర్టులో పెడితే అసలు బొమ్మే రాదు. టైపింగ్, బ్రౌజింగ్, డీటీపీ వరకు అయితే ఎఫ్ లేని ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చాలు, 4కెని 60 హెర్ట్జ్‌లో హాయిగా లాగుతుంది. కార్డు డబ్బులు మిగుల్చుకుని మానిటర్ మీద పెట్టండి.

గేమర్లకి మాత్రం ఇది వద్దంటాను. ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్ల పిక్సెల్స్ నింపాలి, కార్డు మూలుగుతుంది, అంతా చేసి 60 హెర్ట్జే. 1440పీలో 165, 180 హెర్ట్జ్‌వి తీసుకోండి.

32 ఇంచులది తీసుకోవాలా అని అడుగుతారు. అదీ 4కెనే, కానీ అంగుళానికి 138 పిక్సెల్స్‌కి పడిపోతుంది. సినిమాలకి బాగుంటుంది, అక్షరానికి 27 మేలు. ఓఎల్‌ఈడీలు, అంటే ప్రతి పిక్సెలూ తనంతట తనే వెలిగే స్క్రీన్లు? వాటిలో రంగు ముక్కలు మామూలు వరసలో ఉండవు కాబట్టి అక్షరాల అంచుల్లో ఎరుపు, ఆకుపచ్చ ఛాయలు కనిపించేవి. 2025లో 27 ఇంచుల 4కె ఓఎల్‌ఈడీలు వచ్చాక ఆ ఇబ్బంది బాగా తగ్గింది. అయితే రోజంతా కదలకుండా ఉండే టాస్క్‌బార్, దాని మరక స్క్రీన్ మీద శాశ్వతంగా ఉండిపోతుందన్న భయం, పైగా ఆ ధర. నా పనికి వద్దు. జీఎస్టీ తగ్గింది కదా అనేవాళ్లకి: 2025 సెప్టెంబర్ 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది 32 ఇంచులు దాటిన వాటికి. 27 ఇంచులది అంతకు ముందు నుంచీ 18లోనే ఉంది.

ఇక కొనాలా వద్దా? ఈ స్టాండుకీ బటన్లకీ మార్కులు వేస్తే ఇది ఫెయిలవ్వాలి. నాకు ఫెయిల్ చేయబుద్ధి కావట్లేదు. శాంపిల్ తిరిగి పంపగానే నేను 27 ఇంచుల 4కె కొంటున్నాను, ఇదే కాకపోయినా, ఎత్తు మారే స్టాండు ఉన్న ఇలాంటిదే. బాబాయికి కూడా ఒకటి చెప్పాను, ఆయన ఇంకా బేరంలోనే ఉన్నాడు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలోనో, మీ ఊళ్లో షాపులోనో చూసేటప్పుడు వాళ్లు పెట్టే డెమో వీడియో ఆపించండి. ఏదైనా తెలుగు పత్రిక వెబ్‌సైట్ తెరిపించి, మీరు ఇంట్లో కూర్చునేంత దూరంలో నిలబడి నాలుగు లైన్లు చదవండి. ఇంటికి తెచ్చాక తెల్ల స్క్రీన్, నల్ల స్క్రీన్ పెట్టి చచ్చిన పిక్సెల్స్ ఉన్నాయేమో అదే రోజు చూసుకోండి. ఒకటీ అరా ఉంటే వారంటీలో మార్చం అని చాలా కంపెనీలు నిబంధనల్లో రాసుకుంటాయి, షాపువాడు మార్చి ఇచ్చేది ఆ మొదటి కొద్ది రోజుల్లోనే. బిల్లూ బాక్సూ పారేయకండి. ఉంటానండి.