ప్యాకేజీ మేనేజర్ పాడవలేదు, పని మధ్యలో ఆగింది

అందరికీ నమస్కారం.

ఆ మధ్య ఒక స్నేహితుడు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు. లైనక్స్ లాప్‌టాప్‌లో అప్‌డేట్లు ఎక్కుతుండగా బ్యాటరీ అయిపోయి మెషీన్ ఆరిపోయిందట, మళ్ళీ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ అయితే వచ్చింది గానీ ఏ ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ మూట) వేయబోయినా ఎర్రరేనట. "ఇక లాభం లేదురా, మొత్తం ఫార్మాట్ చేసి మళ్ళీ వేసేస్తా, పెన్‌డ్రైవ్ కూడా రెడీ చేశా" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది, పొద్దున్నే ఆఫీసు పని ఉంది. నేను ఒక్కటే అడిగాను: "ఎర్రర్‌లో ఏముందో మొదటి లైను నుంచి చదివి వినిపించు."

చదివాడు. డీపీకేజీ (ప్యాకేజీలను ఎక్కించే ప్రోగ్రామ్) మధ్యలో ఆగిపోయింది, దాన్ని సరిచేయడానికి 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ' అనే కమాండ్ మీరే నడపాలి అని ఉంది. అంటే మందు పేరు ఆ మెసేజ్‌లోనే రాసి ఉంది. మనవాడు దాన్ని అప్పటికి నాలుగుసార్లు చూశాడు, ఒక్కసారీ చదవలేదు. ఇందులో అతన్ని తప్పుపట్టడానికేం లేదు, ఎర్రటి అక్షరాలు కనబడగానే మనలో చాలామందికి కళ్ళు లైను చివరికి జారిపోతాయి.

ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, ప్యాకేజీ మేనేజర్ (సాఫ్ట్‌వేర్ ఎక్కించి తీసేసే పనిముట్టు) మొరాయించిందని సిస్టమ్ మొత్తం తుడిచేయకండి. నేను ఈరోజు చెప్పబోయేదంతా దీని గురించే. ఉబుంటు, డెబియన్, మింట్ లాంటి డిస్ట్రోలనే, అంటే లైనక్స్ రకాలనే, ఎక్కువగా దృష్టిలో పెట్టుకుని మాట్లాడతాను, ఫెడోరా, ఆర్చ్ వాళ్ళ కోసం కూడా కొంత ఉంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం, ఇది తెలిస్తే సగం భయం పోతుంది. మనం రోజూ వాడే ఆప్ట్ పైమనిషి మాత్రమే. ఏ ప్యాకేజీకి ఏది కావాలో లెక్క కట్టడం, ఇంటర్నెట్ నుంచి దించడం దాని పని. అసలు ఫైళ్ళను డిస్క్ మీద సర్దేది డీపీకేజీ. డెబియన్ మొదలైంది 1993లో, డీపీకేజీ 1994 నాటిది, ఆప్ట్ ఆ తర్వాత 1999లో డెబియన్ 2.1తో వచ్చింది. ఈ డీపీకేజీ ఇన్‌స్టాల్ పనిని రెండు అంచెల్లో చేస్తుంది: ముందు ప్యాకేజీని విప్పి ఫైళ్ళు పెట్టడం, తర్వాత దాన్ని కాన్ఫిగర్ చేయడం, అంటే పనిచేసేలా అమర్చడం. విప్పేటప్పుడు కూడా పాత ఫైలు మీద నేరుగా రాయదు. కొత్తదాన్ని పక్కనే 'డీపీకేజీ-న్యూ' అనే తోకతో రాసి, అది పూర్తయ్యాకే పేరు మారుస్తుంది. ఎంత జాగ్రత్తగా కట్టారో చూడండి. ఎక్కడ కరెంటు పోయినా, ఎంతవరకు వచ్చిందో ఒక దస్త్రంలో రాసి ఉంటుంది. ఆ దస్త్రం పేరు /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్. మామూలు టెక్స్ట్ ఫైలే, ఒక్కో ప్యాకేజీకి ఒక్కో పేరా. తెరిచి చదవచ్చు, ఎడిట్ మాత్రం చేయకండి.

'డీపీకేజీ -ఎల్' కొడితే ప్రతి లైను మొదట్లో రెండు అక్షరాలు కనబడతాయి. రెండూ చిన్న 'ఐ' అయితే అంతా సవ్యం. రెండోది పెద్ద 'యూ' అయితే విప్పారు గానీ కాన్ఫిగర్ కాలేదు, 'ఎఫ్' అయితే కాన్ఫిగర్ చేస్తూ చేస్తూ ఫెయిలైంది, 'హెచ్' అయితే ఫైళ్ళు పెట్టడమే సగంలో ఆగింది. చాలాసార్లు జబ్బు మొదటి రెండింటిలోనే ఉంటుంది, దానికి మందు ఆ 'కాన్ఫిగర్ -ఏ' కమాండే: మిగిలిన పనంతా పూర్తి చేయమని చెప్పడం, అంతే. కావాల్సిన ఇంకో ప్యాకేజీ లేక ఆగిపోతే 'ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్'. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి రెండు మూడుసార్లు నడపాల్సి రావచ్చు, అందులో తప్పేం లేదు.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయం, లాక్ ఫైలు. ఇద్దరు ఒకేసారి ప్యాకేజీల పని చేయకుండా ఆపేదే లాక్. లాక్ దొరకలేదు అని ఎర్రర్ వస్తే, /వార్/లిబ్/డీపీకేజీలో ఉన్న లాక్ ఫైళ్ళను డిలీట్ చేసేయమని నెట్‌లో ఎక్కడ చూసినా సలహా కనబడుతుంది. దయచేసి అలా చేయకండి. ఎందుకో చెప్తాను. ఆ ఫైలు ఉండటమే లాక్ కాదు. ఎవరూ ఏ పనీ చేయనప్పుడు కూడా ఆ ఫైలు అక్కడే ఉంటుంది. అసలు లాక్ కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) దగ్గర ఉంటుంది: ఫలానా ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఈ ఫైలును పట్టుకుంది అని అది గుర్తు పెట్టుకుంటుంది, ఆ ప్రాసెస్ చచ్చిపోయిన క్షణమే లాక్ దానంతటదే వదులుతుంది. అంటే లాక్ దొరకడం లేదంటే ఎవరో నిజంగానే పనిలో ఉన్నారన్నమాట. ఇప్పుడు మీరు ఫైలు తీసేశారనుకోండి. పాత ప్రాసెస్ తన పాత లాక్‌తో పని చేసుకుంటూనే ఉంటుంది, మీరు కొత్తగా నడిపింది అదే పేరుతో కొత్త ఫైలు పుట్టించి దాన్ని లాక్ చేసుకుంటుంది. ఇద్దరూ ఒకే దస్త్రంలో ఒకేసారి రాస్తారు. కాసేపు ఆగితే పోయే ఇబ్బందిని మనమే పెద్ద రోగం చేసుకున్నట్టు.

కొత్త ఆప్ట్ లాక్ ఎవరి దగ్గరుందో ప్రాసెస్ నంబరుతో సహా చెప్తుంది. ఎక్కువసార్లు అక్కడ కనబడేది అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ పేరే, అదీ పదిహేను అక్షరాల దగ్గర తెగిపోయి. మెషీన్ ఆన్ చేసిన కాసేపటికి సెక్యూరిటీ అప్‌డేట్లు తనంతట తాను వేసే ప్రోగ్రామ్ అది. మంచి పనే చేస్తోంది, చేసుకోనివ్వండి. ఎంతకీ కదలకపోతే, వెనకాల ఏదైనా టెర్మినల్ మరచిపోయారేమో చూడండి. పాత కాన్ఫిగ్ ఫైలు ఉంచాలా కొత్తది పెట్టాలా అని అడిగి మీ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. నిజంగానే బిగుసుకుపోయిందని తేలాక మామూలు 'కిల్', తర్వాత 'కాన్ఫిగర్ -ఏ'. బలవంతంగా చంపే 'కిల్ మైనస్ తొమ్మిది'తో మొదలుపెట్టకండి.

ఆర్చ్ వాళ్ళకు మాత్రం కథ వేరు. వాళ్ళ ప్యాకేజీ మేనేజర్ ప్యాక్‌మ్యాన్‌లో 'డీబీ.ఎల్‌సీకే' అనే ఫైలు ఉండటమే లాక్. కరెంటు పోతే అది అనాథలా మిగిలిపోతుంది, ప్యాక్‌మ్యాన్ ఏదీ నడవడం లేదని ఖాయం చేసుకుని తీసేయాలి. ఒక చోట సరైన వైద్యం ఇంకో చోట విషమవుతోంది, సలహా ఏ డిస్ట్రో గురించి చెప్పారో చూడకుండా కాపీ కొడితే ఇదే జరిగేది.

మళ్ళీ స్నేహితుడి దగ్గరకు వద్దాం. కమాండ్ నడిపాడు, చాలావరకు సర్దుకుంది, కానీ ఒక ఫాంట్ ప్యాకేజీ దగ్గర ఆగింది. ఈసారి ఫలానా ప్యాకేజీ ఫైళ్ళ జాబితాలో చివరి లైను సరిగ్గా ముగియలేదు అని ఫిర్యాదు. /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో అనే ఫోల్డర్‌లో ఒక్కో ప్యాకేజీకి '.లిస్ట్' అని ఒక ఫైలుంటుంది, ఆ ప్యాకేజీ ఏయే ఫైళ్ళు పెట్టిందో లైనుకొకటి చొప్పున రాసి ఉంటుంది. "సైజు చూడు" అన్నాను. ఉంది, సున్నా కాదు. "తెరువు" అన్నాను. ఏమీ లేదు, ఖాళీ. ఫైలులోని బైట్లను అంకెల్లో చూపించే హెక్స్‌డంప్ వేయమంటే అన్నీ సున్నాలే. బ్యాటరీ ఆరిన క్షణంలో ఫైలుకు డిస్క్ మీద చోటైతే రాసుకుంది, లోపలి అక్షరాలు మాత్రం ఎక్కలేదు.

అలాంటప్పుడు చేయాల్సింది ఆ ఒక్క ఫైలును పక్కకు జరిపి (డిలీట్ కాదు, హోమ్ ఫోల్డర్‌కు మూవ్), ఆ ప్యాకేజీని 'ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్' చేయడం. జాబితా లేదు, ఈ ప్యాకేజీకి ఫైళ్ళేవీ లేవనుకుంటున్నాను అని డీపీకేజీ ఒక వార్నింగ్ ఇస్తుంది, కంగారు పడక్కర్లేదు, కొత్త జాబితా రాసుకుంటుంది. స్టేటస్ దస్త్రమే ఇలా పాడైతే? దానికీ దారి పెట్టారు: పక్కనే 'స్టేటస్-ఓల్డ్' ఉంటుంది, అదీ పోతే /వార్/బ్యాకప్స్‌లో 'డీపీకేజీ.స్టేటస్.0' తో మొదలుపెట్టి పాత కాపీలుంటాయి. వాటిలో మంచిదాన్ని తెచ్చి పెట్టి, ఆ కాపీ తీసిన తర్వాత ఏమేం వేశారో /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్‌లో చూసి మళ్ళీ వేసుకోవడమే. ఇన్ని కాపీలు దాచిపెట్టిన వాళ్ళకు మనం చేతులెత్తి దండం పెట్టాలి.

ఇంకో రకం జబ్బు గురించి కాస్త నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో కనిపించే ఎర్రర్ ఒకటి, అసలు కారణం ఇంకొకటి. ఎప్పుడు ఏది వేయబోయినా చివర్లో లైనక్స్-ఇమేజ్ (అంటే కెర్నల్) ప్యాకేజీ పోస్ట్-ఇన్‌స్టాలేషన్ స్క్రిప్ట్ ఫెయిలైంది అని వస్తుంది. జనం ఆ చివరి లైనే వెతుకుతారు, వందరకాల జవాబులు దొరుకుతాయి, ఏదీ పనిచేయదు. పైకి స్క్రోల్ చేయండి. ఇరవై లైన్ల పైన, ఎవరూ చూడని చోట, డివైస్‌లో ఖాళీ లేదు అని ఒక చిన్న లైనుంటుంది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసుకున్న ఇన్‌స్టాలేషన్లలో మెషీన్ లేవడానికి కావాల్సిన ఫైళ్ళుండే /బూట్ వేరే చిన్న పార్టిషన్‌గా ఉంటుంది, ప్రతి కొత్త కెర్నల్ అందులో తన ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో వాడే) ఫైలు పెడుతుంది, అది వంద ఎంబీ దాటడం మామూలే. పాత కెర్నళ్ళు పేరుకుపోతే చోటు నిండుతుంది, ఇనిట్‌ఆర్‌డీ తయారుకాదు, స్క్రిప్ట్ ఫెయిలవుతుంది, కెర్నల్ ప్యాకేజీ 'ఎఫ్' దగ్గర ఆగుతుంది, దాని మీద ఆధారపడ్డవన్నీ వరసగా ఆగుతాయి. పాతవి తీసేద్దామని ఆటోరిమూవ్ కొడితే, ముందు ఆగిన పని పూర్తి చేయమంటుంది. ఆ పని పూర్తవ్వాలంటే చోటు కావాలి. ఇక్కడే మనుషులు విసిగిపోతారు.

దారి ఇదీ. 'డీఎఫ్ -హెచ్' కొట్టి /బూట్ నిండిందని ఖాయం చేసుకోండి. 'యూనేమ్ -ఆర్' కొట్టి ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ నంబరు కాగితం మీద రాసుకోండి, నిజంగానే కాగితం మీద, ఎందుకంటే ఆ నంబరు జోలికి పోకూడదు. /బూట్‌లో అన్నిటికన్నా పాత నంబరున్న ఇనిట్‌ఆర్‌డీని వేరే పార్టిషన్‌కు, అంటే హోమ్‌కు జరపండి. ఇప్పుడు 'కాన్ఫిగర్ -ఏ' నడపండి, ఊపిరి తిరుగుతుంది. ఆ తర్వాత 'ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్' పాత కెర్నళ్ళను పద్ధతిగా తీసేస్తుంది. ఇంత చేసేటప్పుడు మధ్యలో రీబూట్ మాత్రం వద్దు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి, సగంలో ఉన్న కెర్నల్‌తో రీబూట్ చేస్తే మెషీన్ లేవకపోవచ్చు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. హ్యాష్ సమ్ (ఫైలు సరిగ్గా దిగిందో చూసే లెక్క) సరిపోలేదు అంటే మీ సిస్టమ్‌లో సాధారణంగా లోపమేమీ లేదు, దించుకున్న జాబితా తేడాగా ఉంది, /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్‌లో ఉన్నవి తీసేసి మళ్ళీ అప్‌డేట్ కొట్టండి, అవి తిరిగి వచ్చేవే. పబ్లిక్ కీ లేదు అంటే ఆ రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే సర్వర్) వాళ్ళ కీ తెచ్చి /ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్‌లో పెట్టి, 'సైన్డ్-బై' అని సోర్సెస్ లైనులో చూపించండి, పాత ఆప్ట్-కీ పద్ధతి వదిలేశారు. రెండు ప్యాకేజీలు ఒకే ఫైలు కోసం కొట్టుకుంటే '--ఫోర్స్-ఓవర్‌రైట్' ఉంది, అది ఏ ఫైలో, ఆ రెండు ప్యాకేజీలు ఎవరివో చూశాకే వాడండి. ఫెడోరాలో ఆర్‌పీఎం (అక్కడి డీపీకేజీ లాంటిది) డేటాబేస్ పాడైతే 'ఆర్‌పీఎం --రీబిల్డ్‌డీబీ'. కొత్త పైథాన్ కావాలని /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 లింకును మార్చకండి, యాడ్-ఆప్ట్-రిపాజిటరీ లాంటి పనిముట్లు చాలా దాని మీదే నడుస్తాయి, లింకు మారితే 'ఆప్ట్_పీకేజీ' మాడ్యూల్ దొరకలేదని ఏడుస్తాయి. మార్చి ఉంటే వెనక్కి తిప్పండి, సరిపోతుంది.

ఒక్క చోట మాత్రం గబగబా వెళ్ళకండి. ఫిక్స్-బ్రోకెన్ కొట్టినప్పుడు, అవును అని జవాబిచ్చే ముందు, తీసేయబోయే ప్యాకేజీల జాబితా పూర్తిగా చదవండి. చిన్న లైబ్రరీ గొడవకు పరిష్కారంగా మీ డెస్క్‌టాప్ మొత్తం తీసేస్తానని అది నిజాయితీగా అడుగుతుంది. సాధారణంగా దీని వెనక వేరే వెర్షన్ కోసం కట్టిన పీపీఏ (డిస్ట్రోకు బయట ఎవరో నడిపే రిపాజిటరీ) ఒకటి ఉంటుంది. వద్దు అని చెప్పి, ఆ పీపీఏని ఆపి, అప్‌డేట్ కొట్టి, దాని నుంచి వచ్చిన ప్యాకేజీలను డిస్ట్రో వెర్షన్‌కు దించండి, పీపీఏ-పర్జ్ ఆ పనే చేస్తుంది.

మెషీన్ అసలు లేవకపోయినా ఫార్మాట్ దాకా పోనక్కర్లేదు. లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, మీ రూట్ పార్టిషన్‌ను మౌంట్ చేసి, /బూట్ వేరేగా ఉంటే దాన్నీ కలిపి, /డెవ్, /ప్రాక్, /సిస్‌లను బైండ్ చేసి, సీహెచ్‌రూట్‌తో లోపలికి వెళ్తే, మీ సిస్టమ్‌లోనే కూర్చుని ఇప్పటిదాకా చెప్పిన కమాండ్లన్నీ నడపొచ్చు. ఫార్మాట్ కోసమని మా స్నేహితుడు రెడీ చేసిన పెన్‌డ్రైవ్ దీనికే పనికొస్తుంది. అతనికి ఆ అవసరం రాలేదు.

ఫాంట్ ప్యాకేజీ మళ్ళీ ఎక్కాక, చివరిగా 'డీపీకేజీ --ఆడిట్' కొట్టమన్నాను. సగంలో ఆగిన ప్యాకేజీలేవైనా మిగిలితే వాటి పేర్లు చెప్పే కమాండ్ అది. కాసేపు అటు నుంచి మాట లేదు.

"ఏమీ రాలేదురా, మామూలు ప్రాంప్ట్ వచ్చేసింది. మళ్ళీ కొట్టనా?"

"అక్కర్లేదు. ఏమీ లేకపోతే అది ఏమీ చెప్పదు. చార్జర్ పెట్టి పడుకో."