బ్రేకు వేస్తే ఆ వేగం ఎక్కడికి పోతుంది?

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఇంటర్ పిల్లలు, వెనక వాళ్లని బళ్ల మీద తీసుకొచ్చిన అమ్మానాన్నలు కూర్చున్నారు కాబట్టి ఇవాళ ఇద్దరికీ పనికొచ్చే ఒకే ఒక ప్రశ్న తీసుకుంటాను. బండి పోతూ ఉంటుంది, బ్రేకు వేస్తాం, ఆగుతుంది. మరి అప్పటిదాకా బండిలో ఉన్న ఊపు ఏమైపోయింది?

బయటి నుంచి బలం పనిచేయకపోతే కదిలే వస్తువు అదే వేగంతో, అదే దారిలో పోతూనే ఉంటుందని న్యూటన్ 1687లో చెప్పాడు. పరీక్షలో రాసేస్తాం గానీ మనసులో నమ్మం, ఎందుకంటే యాక్సిలరేటర్ వదిలితే బండి దానంతట అదే నెమ్మదిస్తుంది కదా. దానంతట అది కాదండీ, గాలి అడ్డం పడుతోంది, బేరింగుల్లో రాపిడి ఉంది, టైరు నలుగుతోంది. బ్రేకు వేసినప్పుడు కూడా చక్రాన్ని పట్టుకోవడం వరకే బ్రేకు పని, బండిని వెనక్కి నెట్టి ఆపేది రోడ్డు. టైరు రోడ్డుకి ఆనే ఆ కాస్త జాగాలో పుట్టే ఘర్షణే మనకున్న దిక్కు. తొలకరి చినుకులకు దుమ్మూ నూనే కలిసి రోడ్డు జారుతున్నప్పుడు బ్రేకులు నిన్ననే మార్పించినా ఒరిగేదేమీ లేదు.

ఇక లెక్కలోకి వద్దాం. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు, 72 అంటే 20 మీటర్లు. బండీ, మీదున్న ఇద్దరూ కలిపి 300 కిలోలు అనుకోండి. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిశక్తి, అంటే కదలిక వల్ల బండికున్న శక్తి వస్తుంది. దాన్ని జౌళ్లలో కొలుస్తాం: 36లో 15,000 జౌళ్లు, 72లో 60,000. బండి ఆగాలంటే ఇదంతా వేడిగా మారిపోవాలి, మొదట అడిగిన ప్రశ్నకు జవాబు అదే. వేగం రెండింతలే, శక్తి నాలుగింతలు. ఇది సూత్రంలోంచి ఊడిపడిన మాట కాదు, చేసి చూసిన సంగతి. 1720ల్లో గ్రావెసాండె అనే డచ్ శాస్త్రవేత్త ఇత్తడి గుండ్లను వేరువేరు ఎత్తుల నుంచి మెత్తటి బంకమట్టిలోకి వదిలాడు, రెండింతల వేగంతో పడ్డ గుండు నాలుగింతల లోతుకి దిగింది. అప్పట్లో ద్రవ్యరాశినీ వేగాన్నీ గుణిస్తే చాలన్న పెద్దలు చాలామంది ఉండేవాళ్లు. ఫ్రాన్స్‌లో ఎమిలీ దు షాత్లే 1740లో అచ్చయిన తన భౌతికశాస్త్ర గ్రంథంలో వర్గం వైపే గట్టిగా నిలబడింది. ఆడపిల్లలూ, ఈ పేరు గుర్తుపెట్టుకోండి, న్యూటన్ గ్రంథాన్ని ఫ్రెంచిలోకి తెచ్చింది కూడా ఈవిడే.

పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే వేగం సెకనుకి సుమారు 7 మీటర్ల చొప్పున తగ్గుతుంది. ఆ లెక్కన 36లో ఉన్న బండి 7 మీటర్లలో ఆగితే, 72లో ఉన్నది దాదాపు 29 మీటర్లు పోయాక గానీ ఆగదు. దీనికి తోడు అడ్డం వచ్చిన గేదెను చూసి చెయ్యి బ్రేకు మీదికి వెళ్లేలోపు ఒక సెకను పోతుంది, ఆ సెకనులో 72 బండి ఇంకో 20 మీటర్లు వచ్చేసింది. మొత్తం 49. "అరవైకి డెబ్బైకి తేడా ఏముంది సార్" అనే వాళ్లకి నా జవాబు ఆ వర్గమే.

ఘాట్ రోడ్డు సంగతి ఇంకా గట్టిది. తిరుమల కొండ మీది నుంచి తిరుపతికి దిగే 10 టన్నుల బస్సును తీసుకోండి. ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు, అంటే దిగేసరికి వదిలించుకోవాల్సిన స్థితిశక్తి, అదే ఎత్తు వల్ల ఉన్న శక్తి, 7 కోట్ల జౌళ్లు. నలభై వేగంలో ఆ బస్సు గతిశక్తి చూస్తే 6 లక్షల పైచిలుకే. దిగుతున్నంతసేపూ వేగం పెరగనివ్వకూడదు కాబట్టి ఆ 7 కోట్లూ వేడి అయిపోవాల్సిందే, ఆ వేడితో రెండు వందల లీటర్ల పైన నీళ్లు మరిగించొచ్చు. అంతా బ్రేకు డ్రమ్ముల మీదే పడితే అవి కాలిపోయి లైనింగు పట్టు వదిలేస్తుంది, పెడల్ ఎంత తొక్కినా బస్సు ఆగదు. అందుకే తెలిసిన డ్రైవరు చిన్న గేరులో దిగుతాడు. చక్రాలు ఇంజన్ని తిప్పాల్సి రావడంతో శక్తిలో చాలా భాగం అక్కడ ఖర్చయి రేడియేటరు నుంచి, సైలెన్సరు నుంచి గాలిలో కలుస్తుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లు ఈ దారిని చేజేతులా మూసేస్తున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

చివరగా హెల్మెట్. తల బరువు 5 కిలోలనుకుందాం. నిలబెట్టిన బండి మీద నుంచి పడ్డా తల మీటరున్నర ఎత్తు నుంచి నేలకు తగులుతుంది, 75 జౌళ్లు. ఉత్త తల 3 మిల్లీమీటర్లలో ఆగాల్సి వస్తే దాని మీద పడే బలం 25,000 న్యూటన్లు. హెల్మెట్ లోపలి థర్మోకోల్ 25 మిల్లీమీటర్లు నలిగితే 3,000. శక్తి అదే, ఆగడానికి దొరికిన దూరం మారింది, అంతే. పైన మెరిసే డొప్పను చూసి కొంటాం గానీ అసలు పని చేసేది లోపలి థర్మోకోల్. ఒకసారి నలిగితే అది మళ్లీ పొంగదు, కాబట్టి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయండి. గడ్డం కింద పట్టీ పెట్టుకోకపోతే, తల నేలకు తగిలేలోపే హెల్మెట్ ఎగిరిపోయి ఉంటుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.