హ్యారీ పాటర్ ఐదో పుస్తకం: తిట్టుకుంటూనే ఎందుకు చదివాం?

(తెర మీద: బల్ల మీద రెండు పుస్తకాలు. ఒకటి పలచన, ఒకటి ఇటుక మందం.)

ఎడమ వైపున్నది హ్యారీ పాటర్ మొదటి పుస్తకం. బ్రిటన్‌లో వచ్చిన ప్రతిలో 223 పేజీలు. కుడి వైపున్నది ఐదోది, ఆర్డర్ ఆఫ్ ద ఫీనిక్స్. 766 పేజీలు. మొదటి మూడు పుస్తకాలూ కలిపి కుట్టినా 791 పేజీలే, అంటే ఇదొక్కటే ఇంచుమించు ఆ మూడింటంత. అమెరికా ప్రతిలో అయితే 870. ఏడు పుస్తకాల్లోకీ పొడుగైనది ఇదే.

పాటర్ అభిమానులు నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే మూడో పుస్తకం దగ్గర పెద్దగా గొడవ రాదు. ఐదోది అనగానే రెండు పార్టీలైపోతారు. "సాగదీసి చంపింది" అని ఒకరు, "అసలు పుస్తకం అదే" అని ఇంకొకరు. ఇంత కోపం, ఇంత ప్రేమ ఒక్క పుస్తకం మీదే ఎందుకో ఈ వీడియోలో చూద్దాం. కథ మొత్తం చెప్పేస్తాను. చదవనివాళ్లు ఇక్కడే ఆపేసి, చదివాక రండి.

(తెర మీద: 2000 జూలై 8 – 2003 జూన్ 21)

ముందు ఆ ఎదురుచూపు సంగతి. నాలుగో పుస్తకం 2000 జూలైలో వచ్చింది. చివర్లో హ్యారీ తోటి విద్యార్థి సెడ్రిక్ చచ్చిపోతాడు, దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ తిరిగొస్తాడు. కథ అక్కడ ఆపేసి మూడేళ్లు ఆగమన్నారు! 2003 జూన్ 21న ఐదోది వచ్చినప్పుడు ఒక్క అమెరికాలోనే మొదటి 24 గంటల్లో 50 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. అంత ఆత్రంగా కొనుక్కున్నవాళ్లు ఏం ఆశించారు? వోల్డెమార్ట్ వచ్చేశాడు కాబట్టి యుద్ధం మొదలవుతుందని. పుస్తకం తెరిస్తే ఏముంది? ఎండాకాలం సాయంత్రం, పెద్దమ్మవాళ్ల ఇంటి కిటికీ కింద పూలమొక్కల్లో వెల్లకిలా పడుకుని, లోపల టీవీలో వార్తలు వింటున్న పదిహేనేళ్ల కుర్రాడు. ఎక్కడైనా ఏదైనా జరిగిందా అని చెవులు రిక్కించుకుని ఉన్నాడు. వార్తల్లో ఏమీ లేదు. స్నేహితుల ఉత్తరాల్లోనూ ఏమీ లేదు.

అసలు హ్యారీ చదివే మాయల బడి హాగ్వార్ట్స్ గడప తొక్కేసరికి పదకొండో అధ్యాయం వస్తుంది. మొదటి పుస్తకం మొత్తం పదిహేడు అధ్యాయాలే అని గుర్తుంచుకోండి.

పాఠకుల మొదటి ఫిర్యాదు ఇదే: ఏమీ జరగదు. హ్యారీ గాడ్‌ఫాదర్ సిరియస్ పాత ఇల్లు దులపడానికే ఒక అధ్యాయం పోతుంది. పరదాల్లోంచి డాక్సీలనే పురుగుల్లాంటి జీవులను మందు కొట్టి దులుపుతుంటారు, అలమారాల్లోంచి చెత్త తీసి పారేస్తుంటారు. నిజంగానే దీపావళికి ముందు ఇల్లు దులుపుతున్నట్టు ఉంటుంది. అయితే ఆ చెత్తలోనే ఎవరూ తెరవలేకపోయిన ఒక లాకెట్ అర వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. దాని విలువ ఏడో పుస్తకంలో గానీ తెలియదు. రెండోసారి చదివినప్పుడు అక్కడికి రాగానే నా ఒళ్లు జలదరించింది. మొదటిసారి మాత్రం ఆవలించాను, అబద్ధం ఎందుకు.

గ్రాప్ విషయంలో మాత్రం నేను తిట్టేవాళ్ల వైపే. బడి కాపలాదారు హాగ్రిడ్ అడవిలో దాచిన ఆ రాక్షస తమ్ముడి వ్యవహారం సగానికి సగం తగ్గించినా కథకు వచ్చే నష్టం లేదు. ఇది నా ఒక్కడి మాటే కాదు. ఈ పుస్తకం ఇంకా పొట్టిగా ఉండాల్సిందని, చివరికొచ్చేసరికి తనకు టైమూ ఓపికా అయిపోయాయని రచయిత్రి రౌలింగే 2005లో టైమ్ పత్రికతో ఒప్పుకున్నారు.

తమాషా ఏమిటంటే, 2007లో సినిమా తీసినప్పుడు ఇంత లావు పుస్తకాన్ని రెండుంపావు గంటల్లోకి కుదించేశారు. అప్పటికి వచ్చిన అయిదు పాటర్ సినిమాల్లో అదే పొట్టిది. తెలుగు డబ్బింగ్‌లో సినిమా మాత్రమే చూసినవాళ్లకు ఈ పుస్తకం మీద జనానికి ఇంత కోపం ఎందుకో అర్థం కాకపోవచ్చు. విసిగించే భాగమంతా సినిమాలో ఎగిరిపోయింది, దాంతోపాటు ఇంకో పెద్ద సంగతి కూడా ఎగిరిపోయింది. దాని దగ్గరికి వస్తాను.

(తెర మీద: పెద్ద అక్షరాలతో నిండిన పేజీ, మసకగా.)

రెండో ఫిర్యాదు: హ్యారీ అరుస్తాడు. ఊరికే అరవడం కాదు, పేజీల కొద్దీ పెద్ద అక్షరాల్లో అరుస్తాడు. ప్రాణ స్నేహితులు రాన్ మీద, హెర్మయనీ మీద, చివరికి హెడ్‌మాస్టర్ డంబుల్డోర్ గదిలో వస్తువులు విసిరి పగలగొడుతూ అరుస్తాడు. "వీడికి రెండు తగిలిస్తే గానీ బుద్ధి రాదు" అనిపిస్తుంది, నిజమే. నాలుగు పుస్తకాలుగా మనం ముద్దు చేసిన పిల్లాడు ఒక్కసారిగా చిరాకు పుట్టిస్తే తట్టుకోవడం కష్టం.

కానీ వాడి వైపు నుంచి చూడండి. నెలన్నర క్రితం వాడి కళ్ల ముందే తోటివాణ్ని చంపేశారు. వాడు నిజం చెబితే మంత్రిగారు నమ్మలేదు. డైలీ ప్రాఫెట్ పత్రిక రోజూ వాణ్ని పిచ్చోడన్నట్టు రాస్తోంది. సొంత బడిలోనే సగంమంది పక్కకి తప్పుకుంటున్నారు. డంబుల్డోర్ అయితే ఏడాది పొడుగునా వాడి కళ్లలోకి చూడడు. ఎందుకు చూడడంలేదో ఒక్కరూ చెప్పరు. "నీ మంచికే" అంటారు. ఆ మాట విని పళ్లు కొరుక్కోని పదిహేనేళ్లవాడు ఎక్కడైనా ఉంటాడా?

నాకు అనిపించేది ఇదీ. పొడుగు గురించిన ఫిర్యాదూ, అరుపుల గురించిన ఫిర్యాదూ వేరు వేరు కావు. ఎవరూ ఏమీ చెప్పకుండా, ఎటూ కదలనివ్వకుండా కూర్చోబెడితే మనిషికి ఎలా ఉంటుందో ఈ పుస్తకం మనకు చెప్పదు. మనల్నే అలా కూర్చోబెడుతుంది. వాడికి ఊపిరాడనప్పుడు మనకూ ఆడదు. పొగిడేవాళ్లు ఏ గుణానికి పొగుడుతున్నారో, తిట్టేవాళ్లూ దానికే తిడుతున్నారు. సినిమాలో ఎగిరిపోయిన సంగతి ఇదే.

ఇక అంబ్రిడ్జ్. మంత్రిత్వ శాఖ ఆ ఏడాది బడికి పంపిన టీచరమ్మ.

(తెర మీద: గులాబీ రంగు స్వెట్టర్, టీ కప్పు, గోడ మీద పిల్లికూనల బొమ్మల పళ్లేలు.)

వోల్డెమార్ట్ అంటే భయం. అంబ్రిడ్జ్ అంటే అసహ్యం. పాఠకులకు ఎవరంటే ఎక్కువ మంట అని అడిగి చూడండి, జవాబు ఆవిడే. పుస్తకం వచ్చిన కొత్తల్లో హారర్ నవలల రచయిత స్టీఫెన్ కింగ్ ఒక సమీక్ష రాశారు. క్రియావిశేషణాలు మరీ ఎక్కువయ్యాయని రౌలింగ్‌ని ఆటపట్టించారు గానీ, అంబ్రిడ్జ్‌ని మాత్రం నవలల్లో మనుషుల్ని తినే హానిబల్ లెక్టర్ తర్వాత వచ్చిన గొప్ప విలన్‌గా లెక్కగట్టారు. అదే 2003 జూలైలో నవలా రచయిత్రి ఏ. ఎస్. బయట్ న్యూయార్క్ టైమ్స్‌లో దీనికి ఎదురు మాట రాశారు. ఈ మాయాలోకం అరువు సరుకు అని, పెద్దవాళ్లు దీనికోసం ఎగబడటం చిన్నతనమని ఆవిడ వాదన. అరువు సరుకంటే కొంత ఒప్పుకుంటాను. కానీ అంబ్రిడ్జ్ మాయాలోకం మనిషి కాదే! ఆవిడ ఆఫీసుల్లో ఉంటుంది.

ఆ డిటెన్షన్ సీన్ ఒక్కసారి దగ్గరగా చూడండి. లేసు గుడ్డలు పరిచిన గది, ఎండు పూలు, మెడలో బో కట్టుకున్న పిల్లికూనల పళ్లేలు. ఆవిడ హ్యారీకి సన్నటి నల్ల కలం ఇచ్చి, "నేను అబద్ధాలు చెప్పకూడదు" అని రాయమంటుంది. సిరా ఏదని అడిగితే అక్కర్లేదంటుంది. వాడు రాస్తాడు. కాగితం మీద అక్షరాలు ఎర్రగా మెరుస్తాయి. అదే క్షణంలో కుడి చేతి వెనక భాగం చురుక్కుమంటుంది. అవే అక్షరాలు చర్మం మీద కోసినట్టు లేచి, చూస్తుండగానే మానిపోతాయి. ఇంకో లైను. మళ్లీ కోత. ఎన్నిసార్లు రాయాలని అడిగితే, లోపలికి ఇంకేదాకా అంటుంది, తియ్యగా. వాడు కిక్కురుమనడు. ఆవిడ ముందు నొప్పి ఒప్పుకోకూడదని పంతం. ఎవరికీ చెప్పడు కూడా. రాన్ చెయ్యి చూసి అడిగితే గానీ బయటపడదు.

పిల్లల పుస్తకంలో ఇంత క్రూరత్వమా అని తల్లిదండ్రులు కంగారుపడేది ఇక్కడే. నేను ఆ కంగారును కొట్టిపారేయను. అయితే ఒక లెక్క చూడండి. 1997లో మొదటి పుస్తకం చదివిన పదేళ్ల పిల్లకు ఐదోది వచ్చేసరికి పదహారేళ్లు. పుస్తకాలతో పాటే తనూ పెరిగింది. ఇప్పుడు అలా కాదు. పుట్టినరోజుకు ఏడూ ఉన్న పెట్టె కొనిస్తే తొమ్మిదేళ్లవాడు వేసవి సెలవుల్లో గబగబా చదివేస్తాడు. నన్నడిగితే నాలుగో పుస్తకం దగ్గర కొంచెం బ్రేక్ వేయండి. రెండేళ్లు ఆగితే కొంపలేం మునిగిపోవు.

(తెర మీద: వెన్ను విరిగిన పాత పుస్తకం, రెండు ముక్కలు.)

నేను దీన్ని ఇంటర్ హాస్టల్లో చదివాను. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న కాపీ. నాలుగు వందల పేజీలు దాటేసరికి వెన్ను విరిగి రెండు ముక్కలైంది. రెండో ముక్క నేను చదువుతుంటే మొదటి ముక్క పక్క మంచం వాడు లాక్కున్నాడు. మా హాస్టల్లో ఒక సారు ఉండేవారు. గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు, నవ్వుతూనే ఉండేవారు. వారానికో కొత్త రూలు నోటీసు బోర్డులో అంటించేవారు. పుస్తకంలో అంబ్రిడ్జ్ ఉత్తర్వులు వరసగా వస్తుంటే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. తర్వాత ఒకరోజు ట్రంకు పెట్టెలు వెతికి, సిలబస్‌లో లేనివన్నీ పట్టుకుపోయారు. మొదటి ముక్క పోయింది. రెండోది దిండు గలీబులో ఉంది కాబట్టి మిగిలింది.

అలా సిరియస్ చావు నా దగ్గర మిగిలింది. పాఠకులు ఇప్పటికీ క్షమించలేని చావు అది. యుద్ధం మధ్యలో, అదీ నవ్వుతూ, ఒక తెర వెనక్కి పడిపోతాడు. శవం కూడా ఉండదు. చివరి మాట లేదు, వీడ్కోలు లేదు. ఏదో ఒక ట్రిక్కు అనుకుని నేను యాభై పేజీలు వాడికోసం చూశాను. రాసి ఏడ్చానని రౌలింగ్ బీబీసీ ఇంటర్వ్యూలో చెప్పారు. అలాంటప్పుడు చంపకు మరి అని భర్త అంటే, పిల్లల పుస్తకాలు రాసేవాళ్లు గుండె రాయి చేసుకోవాలన్నారట. నన్ను ఎక్కువ కోసింది మాత్రం ఆ తర్వాత వచ్చే అద్దం. అవసరమైతే నాతో మాట్లాడు అని సిరియస్ సెలవుల చివర్లో పొట్లం కట్టి ఇస్తాడు. వాణ్ని ప్రమాదంలోకి లాగకూడదని హ్యారీ దాన్ని విప్పనే విప్పడు, మర్చిపోతాడు. ఆ పొట్లం విప్పి ఉంటే, సిరియస్ ప్రమాదంలో ఉన్నాడనుకుని హ్యారీ ఆ యుద్ధం జరిగిన చోటికి వెళ్లాల్సిన పనే ఉండేది కాదు. సామాను సర్దుకుంటుంటే పెట్టె అడుగున దొరుకుతుంది.

"చీకటి పుస్తకం" అని అందరూ అంటుంటారు కానీ, అందులో నాకు మిగిలిపోయింది ఒక చూయింగ్ గమ్ కాగితం. ఆసుపత్రిలో హ్యారీ క్లాస్‌మేట్ నెవిల్ అమ్మ ఉంటుంది. ఏళ్ల క్రితం హింస పెట్టడం వల్ల మతి పోయింది, కొడుకును పోల్చుకోలేదు. మెల్లగా నడిచొచ్చి వాడి చేతిలో ఖాళీ గమ్ కాగితం పెడుతుంది. చెత్తబుట్టలో పారేయమంటుంది నాయనమ్మ, ఇలాంటివి ఇప్పటికే గదినిండా అతికించేటన్ని ఇచ్చిందంటుంది. వెళ్లిపోతూ నెవిల్ దాన్ని జేబులో వేసుకోవడం హ్యారీ కంట పడుతుంది. అంతే. దాని మీద రౌలింగ్ ఇంకో వాక్యం రాయలేదు. గ్రాప్‌కు అన్ని పేజీలు ఇచ్చిన రచయిత్రే ఇక్కడ ఇంత పొదుపు చేసింది!

(తెర మీద: మంచం మీద బోర్లా పడుకుని చదువుతున్న అమ్మాయి, వెనక నుంచి.)

పోయిన నెల మా అక్క కూతురు ఈ పుస్తకం మొదలుపెట్టింది. పన్నెండేళ్లు. డిటెన్షన్ అధ్యాయం అయ్యాక పుస్తకం వేలితో పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"మామయ్యా, చెయ్యి అలా కోసుకుపోతుంటే వీడు ఎవరికీ చెప్పడేంటి?"

పంతం అన్నాను. చెప్పినా నమ్మరనుకుని ఉంటాడన్నాను. దానికి నచ్చలేదు. అందుకని మా హాస్టల్ కథ, ట్రంకు పెట్టెల కథ, ఆ నవ్వే సారు కథ అన్నీ చెప్పాను. మధ్యలో ఆపకుండా వింది.

"మరి నువ్వు తాతయ్యకి చెప్పావా?"

లేదన్నాను.

"ఓ," అని, వేలు పెట్టిన పేజీ తెరుచుకుంటూ వెళ్లిపోయింది.