నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడిచిన కంప్యూటర్

అందరికీ నమస్కారం. పాత కంప్యూటర్ల గురించి మాట్లాడమన్నారు. అన్నిటి గురించీ మొదలుపెడితే ఇక్కడే చీకటి పడిపోతుంది కాబట్టి ఒక్కదాన్నే పట్టుకుంటాను. ఈ బల్ల మీద ఉన్నది అదే, టీఆర్‌ఎస్-80 మోడల్ 100. 1983లో అమెరికాలో రేడియో షాక్ దుకాణాల్లో అమ్మకానికి వచ్చింది. తయారు చేసింది మాత్రం జపాన్‌కు చెందిన క్యోసెరా. దాదాపు ఇదే యంత్రాన్ని ఎన్‌ఈసీ, ఒలివెట్టి కంపెనీలు కూడా కొద్ది మార్పులతో తమ పేర్లు వేసుకుని అమ్మాయి.

అప్పట్లో పోర్టబుల్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1 బరువు సుమారు 11 కిలోలు. తెర ఐదంగుళాలు. ప్లగ్గు పెట్టనిదే పనిచేయదు. మోయడానికి పిడి ఉంది కాబట్టి పోర్టబుల్ అన్నారు. ఆ లెక్కన పిడి పెడితే మన వెట్ గ్రైండర్ కూడా పోర్టబులే! 1982లో గ్రిడ్ కంపాస్ అనే అందమైన యంత్రం వచ్చింది. ఇవాళ్టి ల్యాప్‌టాప్‌లాగా మడత పెట్టొచ్చు, కానీ ధర 8,000 డాలర్ల పైమాటే. ఎప్సన్ హెచ్‌ఎక్స్-20 నిజంగానే తేలిక, 1.6 కిలోలు. అయితే దాని తెర మీద నాలుగు వరుసలు, వరుసకు 20 అక్షరాలు. రెండో వాక్యం రాసేసరికి మొదటి వాక్యం కనిపించదు.

ఇక మన మోడల్ 100. దాదాపు ఏ4 కాగితమంత, ఐదు సెంటీమీటర్ల మందం, సుమారు 1.4 కిలోలు. తెర మీద ఎనిమిది వరుసలు, వరుసకు 40 అక్షరాలు. కీబోర్డు మాత్రం పూర్తి సైజు, టైపు మిషన్ మీద చేయి తిరిగిన వాళ్ళు ఇబ్బంది లేకుండా కొట్టుకుపోవచ్చు.

ఇంత తేలిక ఎలా వచ్చింది? లోపలి భాగాలన్నీ చిన్నవి చేశారు కాబట్టి అనుకుంటాం. నన్నడిగితే అసలు సంగతి కరెంటు. గాజు పిక్చర్ ట్యూబుకీ, డిస్కు తిప్పే మోటారుకీ కరెంటు బాగా కావాలి. అంత కరెంటు ఇవ్వడానికి లోపల బరువైన పవర్ సప్లై కావాలి, అది వేడెక్కుతుంది కాబట్టి గాలి ఆడే పెద్ద పెట్టె కావాలి. మోడల్ 100లో ట్యూబూ, మోటారూ రెండూ తీసేశారు. వెనక లైటు లేని ఎల్‌సీడీ తెర పెట్టారు. ప్రాసెసర్ 80సీ85, అంటే ఇంటెల్ 8085నే కరెంటు అతి తక్కువ తాగే సీమాస్ పద్ధతిలో చేసినది. వేగం సుమారు 2.4 మెగాహెర్ట్జ్. డిస్కు అసలే లేదు. దాంతో రేడియోలో వేసుకునే మామూలు పెన్సిల్ బ్యాటరీలు నాలుగు సరిపోయాయి. వాటితో దాదాపు 20 గంటలు నడుస్తుంది. అయిపోతే ఏ కిళ్ళీ కొట్లోనైనా కొనుక్కోవచ్చు, ఛార్జర్ మర్చిపోయామన్న టెన్షన్ లేదు.

డిస్కు లేకపోతే రాసినది ఎక్కడ ఉంటుంది? నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా నచ్చేది ఇక్కడే ఉంది. ముందుకు రండి, స్విచ్ వేస్తున్నాను. చూశారా, బూటింగ్ లేదు, వెంటనే మెనూ వచ్చేసింది. పైన తేదీ, టైము, కింద ఫైళ్ళ పేర్లు, ఆ మూల ఇంకా ఎన్ని బైట్లు ఖాళీగా ఉన్నాయో. బాణం కీతో ఒక పేరు మీదికి వెళ్ళి ఎంటర్ కొడితే ఫైలు తెరుచుకుంటుంది. ఒక వాక్యం టైపు చేశాను. ఎఫ్8 నొక్కాను, మళ్ళీ మెనూ. సేవ్ చేశానా? లేదు, చేయక్కర్లేదు. ఫైలు ఉండేది ర్యామ్‌లోనే, అంటే కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలో, మనం దిద్దేదీ అక్కడే. దాచుకునే చోటు, పనిచేసే చోటు వేర్వేరు కావు. స్విచ్ కట్టేసినా లోపల ఉన్న చిన్న రీఛార్జబుల్ బ్యాటరీ ర్యామ్‌ను బతికిస్తూ ఉంటుంది.

దీనికి మూల్యం కూడా ఉంది. ఆ చిన్న బ్యాటరీ కూడా పూర్తిగా దిగిపోతే రాసినదంతా గంగలో కలిసినట్టే. కాపీ ఉంచుకోవాలంటే టేపు రికార్డర్ తగిలించి క్యాసెట్ మీదికి ఎక్కించుకోవాలి. చోటూ తక్కువే. 8 కిలోబైట్ల మోడల్ 799 డాలర్లు, 24 కిలోబైట్లది 999 డాలర్లు. చిప్పులు కొని పెంచుకున్నా 32 దాటదు.

లోపలి ప్రోగ్రాములు ఐదు. ప్రోగ్రాములు రాసుకోవడానికి బేసిక్, రాతకు టెక్స్ట్, ఫోన్ లైను మీద పంపడానికి టెల్‌కామ్, చిరునామాలకు ఒకటి, షెడ్యూల్‌కు ఒకటి. మొత్తం 32 కిలోబైట్ల రోమ్ చిప్పులో, రోమ్ అంటే చదవడానికే వీలున్న మెమరీలో, ఇమిడిపోయాయి. రాసింది మైక్రోసాఫ్ట్. సుజుకీ అనే జపాన్ ప్రోగ్రామర్‌తో కలిసి బిల్ గేట్స్ స్వయంగా కూర్చుని కోడ్ రాశాడు. తన చేత్తో ఎక్కువ భాగం రాసిన చివరి యంత్రం ఇదేనని తర్వాత చెప్పుకున్నాడు.

టెల్‌కామ్ వల్లే ఇది విలేకరుల చేతుల్లోకి వెళ్ళింది. అమెరికా మోడల్లో మోడెమ్, అంటే ఫోన్ లైను మీద అక్షరాలు పంపే పరికరం, లోపలే ఉండేది, వేగం 300 బాడ్, అంటే సెకనుకు సుమారు 30 అక్షరాలు. నాలుగు వేల అక్షరాల వార్త రెండు నిమిషాల పైచిలుకులో ఆఫీసు చేరిపోతుంది. అంతకుముందు అయితే ఫోన్‌లో చదివి వినిపిస్తుంటే అవతల ఒకరు టైపు చేసుకోవాలి, పేర్ల స్పెల్లింగులు ఒక్కో అక్షరం చెప్పుకోవాలి. ఇది వచ్చాక ఆట ముగియగానే స్టేడియంలో ఒళ్ళో పెట్టుకుని కొట్టి, ఫోన్ లైను దొరికితే పంపేయడమే.

లోపాలు లేవా అంటే, బోలెడు. తెర పైకి లేవదు, వెలుతురు పడే తీరును బట్టి మనమే మెడ వంచాలి, లేదా పక్కనున్న కాంట్రాస్ట్ చక్రం తిప్పుకుంటూ ఉండాలి. చీకట్లో ఏమీ కనిపించదు. 1984లో వచ్చిన మోడల్ 200కి పైకెత్తే తెర, 16 వరుసలు ఇచ్చారు. 1986లో కాస్త సన్నబడిన మోడల్ 102 వచ్చింది.

తేదీ సంగతి ఎవరైనా గమనించారా? మెనూలో సంవత్సరం 19తో మొదలవుతోంది. అది రోమ్‌లో అచ్చుపడిపోయింది, మనం మార్చగలిగేది చివరి రెండు అంకెలే. అందుకే ఈ యంత్రం దృష్టిలో 1999 తర్వాత వచ్చేది 1900. అయినా టైపింగ్‌కు అడ్డం రాదు. కీబోర్డు ఎలా ఉందో చూడాలనుకునేవాళ్ళు వచ్చి కొట్టి చూడండి. అడుగున ఉన్న, ర్యామ్‌కు కరెంటిచ్చే మెమరీ స్విచ్ మాత్రం ముట్టుకోవద్దు.